పదివేలమందికి సాటియైనవాడు

మన పల్లెలలో యౌవనుడొకడు చనిపోయినప్పుడు సమాధుల దొడ్డియొద్ద జనులు రెండు విధములుగా మాటలాడుకొనుట మనమందరము విన్నదే. చదువుకొనినవాడైతే “అయ్యో, ఎంత చదువు మట్టిపాలాయెను” అందురు. కూలికి పోవువాడైతే “పాపము, పిల్లలు చిన్నవాండ్రు” అందురు. రెండును దుఃఖపు మాటలే. రెండింటిలోను అబద్ధము లేదు. అయితే మొదటి మాటలో ఒక లెక్క దాగియున్నది. పోయినవానివలన లోకమునకు రావలసిన లాభము ఎంత, అది ఎంత పోయెను అని ఆ మాట లెక్కించుచున్నది. ఒకని ప్రాణము మరియొకని ప్రాణముకంటె విలువైనదా? ఈ ప్రశ్నకు “కాదు” అని వెంటనే జవాబు చెప్పుట సులువు. కాని మనము నిజముగా అట్లు తలంచుచున్నామా అని ఒక యౌవనుని చరిత్రను ముందుంచుకొని ఈ నెల ఆలోచింతము.

అతని పేరు లెస్లీ రస్సెల్ బ్లేక్. ఆస్ట్రేలియా దేశమందు మెల్‌బోర్న్ పట్టణపు పేటయైన హాథార్న్‌లో 1890లో జన్మించి, క్వీన్స్‌లాండు రాష్ట్రములో పెరిగి, అక్కడి ప్రభుత్వ భూగర్భ శాఖలో ఉద్యోగము చేసినవాడు. భూగర్భ శాస్త్రమనగా రాళ్లను, మట్టిని, కొండల వరుసలను పరీక్షించి, ఈ నేల ఎట్లు ఏర్పడినది, దాని కడుపులో ఏమున్నది అని తెలిసికొను విద్య. యోబు గ్రంథము 28వ అధ్యాయము చదివినవారికి ఈ పని క్రొత్తది కాదు. మనుష్యులు చీకటికి హద్దు పెట్టి, కొండల మొదళ్లను కదలించి, బండలలో కాలువలు తొలిచి, మరుగైనదానిని వెలుగులోనికి తెచ్చుదురని అక్కడ ఎంతో ముచ్చటగా వర్ణింపబడినది. బావి త్రవ్వునప్పుడు ఎర్రమట్టి ఎంత, సుద్ద ఎంత, బండ ఎక్కడ తగులునని చెప్పగల ముసలివాడు మన ఊళ్లలో ఒకడుండును గదా. బ్లేక్ ఆ విద్యను బడిలో నేర్చినవాడు.

1911లో డగ్లస్ మాసన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు దక్షిణ ధ్రువపు మంచు ఖండమునకు ఒక పరిశోధక బృందమును నడిపించెను. దారిలో మక్వారీ అను దీవిమీద అయిదుగురిని దింపెను. నాయకుడు జార్జి ఎయిన్స్‌వర్త్ వాతావరణమును గమనించుటకు, హెరాల్డ్ హామిల్టన్ జంతువులను పక్షులను పరిశీలించుటకు, శాండెల్, సాయర్ అను ఇద్దరు వైర్‌లెస్ తంతి నడుపుటకు నియమింపబడిరి. అయిదవవాడు బ్లేక్. దీవికి పటము గీయుట, దాని రాళ్లను పరీక్షించుట అతని పని. అప్పటికి అతనికి 21 ఏండ్లు.

ఆ దీవిని మనము మనస్సులో చూడవలెను. ఆస్ట్రేలియాకు ఆగ్నేయముగా, టాస్మేనియా నుండి సుమారు 1,500 కిలోమీటర్ల దూరమున, నడిసముద్రములో సన్నని నేల. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 5 కిలోమీటర్లకు మించదు. చెట్టన్నది ఒకటియు లేదు. గడ్డి, నాచు, బురద, కొండ, ఎడతెగని గాలి. ఏడాదిలో 300 దినములకు పైగా వానయో మంచో కురియును. తీరమున లక్షలకొలది పెంగ్విన్ పక్షులు, పెద్ద పెద్ద సముద్రపు ఏనుగులను జంతువులు. 1810లో ఈ దీవి కనబడిన తరువాత వేటగాండ్రు వచ్చి, పదియేండ్లలోనే బొచ్చు సీలు జంతువులను ఇంచుమించు నిర్మూలము చేసిరి. పిమ్మట నూనెకొరకు సముద్రపు ఏనుగులను, తుదకు పెంగ్విన్లనుకూడ వండిరి. (మనుష్యుని లోభము మునుపుగా చేరని దీవి యేదైనను ఉన్నదా అని మాకు సందేహము.)

ఏడాదికని వెళ్లినవారు ఇంచుమించు రెండేండ్లు అక్కడ నిలువవలసివచ్చెను. సరుకులు తగ్గినప్పుడు సముద్రపు ఏనుగు మాంసము, పెంగ్విన్ గ్రుడ్లు తినిరి. బ్లేక్ ఆ దీవిని ఈ కొననుండి ఆ కొనవరకు నడచెను. కొలత పరికరమును, రాళ్ల సంచిని మోసికొని, పొగమంచు తొలగు గడియకొరకు కనిపెట్టుచు, కొండకు కొండకు నడుమ కోణములు కొలిచెను. వేటగాండ్రు విడిచిపోయిన గుడిసెలలో తల దాచుకొనెను. కొలత పని ఎరిగినవారికి ఇందలి కష్టము తెలియును. ఆకాశము ఒక అరగంట తెరిపి ఇచ్చినయెడల ఆ దినమునకు అదే కూలి. లేనియెడల ఆ దినము పోయినట్టే. ఇట్లు ఒక దీవి అంతటికి పటము గీచి, దాని రాళ్లను గూర్చి పుస్తకములు నిండ వ్రాసికొని, 1913 చివర ఓడ వచ్చినప్పుడు తిరిగి ఇల్లు చేరెను.

వ్రాసికొనినది సరిచూచి గ్రంథముగా కూర్చుటకు తీరిక కావలెను. అది దొరకలేదు. 1914 ఆగస్టులో యుద్ధము వచ్చెను. బ్లేక్ సైన్యములో చేరి, ఫ్రాన్సు దేశమునకు పోయి, ఫిరంగి దళములో అధికారియై, మిలిటరీ క్రాస్ అను శౌర్య పతకము పొందెను. ఫిరంగి దళమువాని పనిలో సగము కొలత పనియే. గుండు ఎక్కడ పడవలెనో అక్కడికి దూరమెంత, ఎత్తెంత, ఏ దిక్కు అని లెక్కించనిదే తుపాకి ప్రేలదు. పెంగ్విన్ల నడుమ నిలిచి కొండల కోణములు కొలుచుటకు వలసిన విద్య యేదో, కంటికి కనబడని మనుష్యులమీదికి ఫిరంగి గురిపెట్టుటకు వలసిన విద్యయు అదే. 1918 అక్టోబరు 3వ తేదీన, యుద్ధము ముగియుటకు 39 దినములు ముందుగా, అతడు మరణించెను. అప్పటికి కెప్టెన్. వయస్సు 27.

అదే మాసన్ బృందములో రాబర్ట్ బేజ్ అను ఇంజనీరు ఉండెను. మాసన్ తన ఇద్దరు స్నేహితులను మంచులో పోగొట్టుకొని ఒంటరిగా తిరిగివచ్చిన కాలమందు, అతనికొరకు కనిపెట్టుచు రెండవ యేడుకూడ ఆ భయంకరమైన గాలిలో నిలిచిన ఆరుగురిలో బేజ్ ఒకడు. మంచు చంపలేదు గాని, 1915 మే 7వ తేదీన గాలిపోలి యుద్ధభూమిలో, పట్టపగలు శత్రువుల కండ్ల యెదుట కందకమునకు మేకులు పాతి గుర్తులు పెట్టుచుండగా చంపబడెను. అతనికిని 27 ఏండ్లే.

అదే గాలిపోలిలో, ఆ సంవత్సరమే ఆగస్టు 10వ తేదీన, మూడవవాడు పడెను. ఇతడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కాడు, ఇంగ్లండు దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు. పేరు హెన్రీ మోజ్లీ. వయస్సు ఇతనికిని 27. టెలిఫోనులో ఆజ్ఞ పంపుచుండగా తుపాకి గుండు తలకు తగిలెను. ఇతని సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయనగా మన ప్రశ్నను లోకమంతటి యెదుట పెట్టినది ఇతని చావే.

లోకమందలి ప్రతి వస్తువును, మట్టిగాని నీరుగాని బంగారముగాని, కొన్ని మూల పదార్థములతో చేయబడినదని శాస్త్రజ్ఞులు కనుగొనియుండిరి. అయితే ఆ మూలపదార్థములు మొత్తమెన్ని, వాటి వరుస యేది, మధ్య ఏదైన తప్పిపోయినదా అను సంగతి నిశ్చయముగా తెలియలేదు. మోజ్లీ 1913, 1914 సంవత్సరములలో ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి ఒక్కొక్క మూలపదార్థమునకు తనదైన సంఖ్య ఉన్నదని చూపెను. హాజరు పట్టీలో పేర్లు పిలిచినట్లు వరుసగా పిలిచి, 43, 61, 72, 75 అను సంఖ్యలు గలవి జవాబియ్యలేదు, అవి ఎక్కడనో ఉండవలెనని చెప్పెను. ఇంత చేసినవానికి అప్పటికి 26 ఏండ్లు. యుద్ధము ఆరంభమైనప్పుడు అతడు శాస్త్రజ్ఞుల మహాసభకు ఆస్ట్రేలియా వెళ్లియుండెను. తిరిగి ఇంగ్లండు చేరి, సైన్యమునందు ఇంజనీర్ల దళములో చేరెను. ఇంటివారికిని పెద్దలకును ఇష్టము లేకున్నను మానలేదు. తన ఆస్తిని శాస్త్రపరిశోధనలకై రాయల్ సొసైటీకి విల్లు వ్రాసియుంచెను. తండ్రి అతని పసితనములోనే పోయెను. తల్లి బ్రతికియుండెను.

అతని గురువు రూథర్‌ఫర్డ్. పరమాణువు గర్భమును కనుగొన్న మహాశాస్త్రజ్ఞుడు. శిష్యుని మరణవార్త విని ఆయన పత్రికలో బహిరంగముగా వ్రాసెను. ఇట్టివానిని ఒక తుపాకి గుండు దయకు వదలుటకంటె పరిశోధనాలయములో ఉంచియుంటే దేశమునకు ఎక్కువ మేలు కలిగియుండునని ఆయన భావము. చాలమంది ఆ మాట న్యాయమనిరి. ఇప్పటికిని అనుచున్నారు.

ఈ మాట వేదగ్రంథమునకు క్రొత్తది కాదు. అబ్షాలోము తిరుగుబాటు దినములలో దావీదు తానును యుద్ధమునకు వత్తునని అనగా జనులు వలదనిరి. మాలో సగముమంది చచ్చినను శత్రువులు లెక్కచేయరు, నీవు మావంటివారు పదివేలమందికి సాటి, పట్టణములో ఉండుము అనిరి (2 సమూయేలు 18:2-3). మరియొకమారు ఒక బలాఢ్యుడు దావీదును చంపబోగా అబీషై అడ్డుపడి కాపాడెను. అప్పుడు జనులు ప్రమాణము చేసి, ఇశ్రాయేలీయుల దీపము ఆరిపోకుండునట్లు నీవు ఇకమీదట యుద్ధమునకు రాకూడదనిరి (2 సమూయేలు 21:15-17). రూథర్‌ఫర్డ్ చెప్పినది ఇదే గదా. దీపమును గాలిలో పెట్టకుడి అని. ఇది స్వార్థపు మాట కాదు. దావీదు తన్ను గూర్చి తాను అనలేదు. చావబోవు సిపాయిలే ప్రేమతో అనిరి. ఇల్లు కాలుచున్నప్పుడు ఊరికంతటికి వైద్యము చేయువానిని మంటలోనికి పోనీయకుండ పట్టుకొనుట బుద్ధిగల పనియే.

అయితే ఆ అధ్యాయమును అక్కడ ఆపక చదువుడి. ఆ దినమున అడవిలో ఇరువదివేలమంది కూలిరని 7వ వచనములో ఉన్నది. వారి పేర్లు లేవు. సాయంకాలమున వార్తాహరుడు వచ్చినప్పుడు దావీదు అడిగిన ప్రశ్న ఒక్కటే, తన కుమారుడు క్షేమమా అని. కుమారుడు చనిపోయెనని విని గవిని మీది గదికి ఎక్కి ఏడ్చెను. తానే వానికి బదులుగా చచ్చియుంటే మేలని ఏడ్చెను. పదివేలమందికి సాటియని జనులు ఎంచినవాడు, తండ్రిగా నిలిచినప్పుడు, తిరుగుబాటుదారుడైన ఒక్క కొడుకుకు తన్ను తక్కువగా ఎంచుకొనెను. ఈ రెండు లెక్కలు ఒకే అధ్యాయములో ఉన్నవి. తరువాతి అధ్యాయములో యోవాబు కఠినముగా మూడవ లెక్క చెప్పెను. మేమందరము చచ్చి అబ్షాలోము బ్రతికియుంటే నీకు సంతోషమై యుండును గదా అని. ఆ మాట కరుకైనదే గాని, ఇరువదివేలమంది పక్షమున ఆ దినమున నోరు తెరచినవాడు అతడొక్కడే.

లెక్క వేయువాడు ఎవడు అనునది రెండవ చిక్కు. ఇంగ్లండు దొరతనమువారు మొదటి యుద్ధమునుండి నేర్చుకొని, రెండవ యుద్ధము రాకమునుపే, 1938లో, ఏ వృత్తివారిని సైన్యమునకు తీసికొనకూడదో పట్టీ వేసిరి. అందులో శాస్త్రజ్ఞులతోబాటు సేద్యగాండ్రు, గనిపనివారునుకూడ ఉండిరి. అయినను గనులు విడిచిపోయినవారు చాలమంది యుండిరి. 1943 డిసెంబరు నాటికి బొగ్గుకు కరవు వచ్చెను. అప్పుడు మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఏమి చేసెను? సైన్యమునకు పిలువబడిన పడుచువారిలో పదిమందికి ఒకని చొప్పున చీట్లు వేసి గనులలోనికి పంపెను. అట్లు గనులకు పోయినవారు, కోరిపోయినవారితో కలిసి, సుమారు 48,000. గొప్ప బడిలో చదివినవాని సంఖ్య వచ్చినయెడల అతడును బొగ్గు త్రవ్వవలసినదే. కావున విలువ అనునది మనిషిలో లేదు, అవసరములో ఉన్నది. అవసరము ఈ దినమున ఒకటి, రేపు మరియొకటి. నాటు వేయు దినములలో మన ఊరిలో పట్టభద్రునికంటె నాటువేయు స్త్రీకే గిరాకి.

ఇంకొక సంగతియు ఉన్నది. దీనిని చెప్పుట మాకు ఇష్టము లేదు గాని చెప్పక తప్పదు. పండితుని వెనుక నుంచి కాపాడినయెడల అతడు వెనుక ఏమి చేయును? మాసన్ గురువైన ఎడ్జివర్త్ డేవిడ్ అను పేరుగల భూగర్భ శాస్త్రజ్ఞుడు 57 ఏండ్ల వయస్సున సైన్యములో చేరి, ఫ్రాన్సు, బెల్జియము సరిహద్దులలో సొరంగములు త్రవ్వువారికి సలహాదారుడాయెను. ఏ లోతున బంకమట్టి, ఏ లోతున ఇసుక, ఏ కాలమున నీటిమట్టము ఎంత పెరుగునని బావులు త్రవ్వించి, పటములు గీచి చెప్పెను. 1917 జూన్ 7వ తేదీ తెల్లవారుజామున మెస్సిన్ గుట్టలక్రింద 19 మందుపాతరలు ప్రేలెను. జర్మనీ సిపాయిలు వేలకొలది ఆ మట్టిలో కలిసిపోయిరి. డేవిడ్ మంచివాడు, శిష్యులకు ప్రాణము, ఆయనను గూర్చి చెడుగా చెప్పినవారిని మేమెరుగము. అయినను, బండల కడుపులోని రహస్యమును మనిషి తెలిసికొనగలడు గాని జ్ఞానము దొరకు చోటు ఎక్కడ అని యోబు 28లో అడుగబడిన ప్రశ్న ఆ తెల్లవారుజామున ఎంత గట్టిగా వినబడియుండవలెను! దీపము ఆరకుండ కాపాడుటవరకు సరే. ఆ దీపముతో దేనిని వెదకుచున్నారన్నది వేరే ప్రశ్న.

ఇక ధర్మశాస్త్రమువైపు చూతము. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో యుద్ధమునకు ముందు అధికారులు సేన యెదుట నిలిచి కొందరిని ఇంటికి పొమ్మనవలెనని ఉన్నది. ఎవరిని? ప్రధానులను కాదు, శాస్త్రులను కాదు, ధనవంతులను కాదు. క్రొత్త ఇల్లు కట్టుకొని ఇంకను గృహప్రవేశము చేయనివానిని. ద్రాక్షతోట వేసి ఇంకను దాని పండ్లు తిననివానిని. ఒక కన్యకను ప్రధానము చేసికొని ఇంకను పెండ్లాడనివానిని. నాలుగవవాడు భయపడినవాడు, మెత్తని గుండె గలవాడు. వానినికూడ పొమ్మన్నది.

ఈ పట్టీని మేము చాలమారులు చదివితిమి. దేశమునకు వీరివలన ఏమి లాభమని ఇక్కడ అడుగబడలేదు. వీరు మొదలుపెట్టిన పని ఏది, అది ముగిసెనా అని మాత్రమే అడుగబడినది. ఇల్లు చిన్నదో పెద్దదో చెప్పలేదు. తోట ఎన్ని ఎకరములో చెప్పలేదు. పూరిల్లు వేసికొనినవాడును మేడ కట్టినవాడును ఈ ఆజ్ఞ యెదుట ఒక్కటే. మోజ్లీ ఈ సేనలో నిలిచియుంటే అధికారి అతనిని చూచి నీవు పదివేలమందికి సాటివి అనడు. నీవు తోట వేసి పండ్లు తినలేదు, ఇంటికి పో అనును. బ్లేక్‌తోను అదే అనును, దీవి రాళ్లను గూర్చి వ్రాసిన పుస్తకములు పెట్టెలోనే ఉన్నవి గదా అని. అతని ప్రక్కన నిలిచిన పాలేరుతోను అదే అనును, క్రొత్త దూలమెత్తి కప్పు వేయకయే వచ్చితివి గదా అని. రూథర్‌ఫర్డ్ కోరిన ఫలితమే ఇక్కడ దొరకుచున్నది. తూకమురాళ్లు మాత్రము వేరు.

ఇట్లు పిలిచినయెడల సేన అంతయు ఇంటికి పోవును గదా అని ఎవరైన అడుగవచ్చును. ఇరువదియేండ్ల పడుచువాడు ఎవడు తన పని ముగించి వచ్చును? నిజమే. ఆ ఆజ్ఞ ప్రకారము నిజముగా నడచినయెడల యుద్ధములకు మనుష్యులు చాలరు. అది ఆ ఆజ్ఞలోని లోపమని మేము అనము.

ఇప్పుడు మిగిలిపోయిన పని మాట. మోజ్లీ చెప్పిన నాలుగు ఖాళీలు ఒకదాని వెంట ఒకటి నిండెను. 72వది 1923లో, 75వది 1925లో, 43వది 1937లో, 61వది 1945లో దొరకెను. వెదకినవారు వేరు వేరు దేశములవారు. బ్లేక్ కాగితములను మాసన్ దాచియుంచి, వాటిని ఆధారము చేసికొని మక్వారీ దీవిని గూర్చిన గ్రంథమును 1943లో వెలువరించెను. బ్లేక్ చనిపోయి అప్పటికి 25 ఏండ్లు. లోకము మరియొక యుద్ధములో ఉండెను. నాయకుడు వృద్ధుడైన పిమ్మటకూడ కుర్రవాని పనిని మరువలేదు. ఈ ఒక్క సంగతికి మాసన్‌ను మేము గౌరవించుచున్నాము.

ఆ గ్రంథములో ఒక ముఖ్యమైన అభిప్రాయము పొరపాటని తరువాత తేలినది. దీవి లోయలను, నునుపు గుట్టలను, చెదరియున్న గుండ్రాళ్లను చూచి, పూర్వము దీవినంతటిని మంచు కప్పి రాచినదని బ్లేక్, మాసన్ తలంచిరి. 1980 తరువాత పనిచేసినవారు మరల పరిశీలించి, అది మంచు చేసిన పని కాదనిరి. ఆ దీవి సముద్రపు అడుగునుండి మెల్లగా పైకి లేచుచున్న నేల. ఆ నేల బీటలు, అలలు, గాలి కలిసి దానిని అట్లు చెక్కినవి. సముద్రపు అడుగునకు ఆరు కిలోమీటర్ల క్రిందనున్న రాయి, భూమి లోపలి పొరకు చెందినది, నీటిపైకి తేలి కంటికి కనబడు చోటు అది. అట్టి చోటు అరుదైనదని 1997లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఆ రాళ్లమీదనే బ్లేక్ నడచెను. వాటిని కొట్టి సంచిలో వేసికొనెను. వాటి మర్మము చెప్పగల విద్య అప్పటికి ఎవరియొద్దను లేదు, అది పుట్టుటకు ఇంకను అయిదు పదులేండ్లు పట్టెను. బ్రతికియుంటే డెబ్బదియవ పడి దాటి తన పొరపాటును తానే దిద్దుకొని నవ్వుకొనియుండునేమో!

ఒకడు పునాది వేయును, మరియొకడు కట్టును, ఎవని పని ఎట్టిదో పరీక్ష చూపునని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను (1 కొరింథీయులకు 3:10-15). కాలిపోవు పనిచేసినవానికి నష్టము కలుగునుగాని వాడు రక్షింపబడునని అక్కడనే ఉన్నది. మంచును గూర్చిన తలంపు కాలిపోయెను. పటము, రాళ్లు, దీవిని కాలినడకన కొలిచిన ఓర్పు నిలిచెను. ఇది మనకు కొంత ఆదరణ. కాని ఎంత ఆదరణ? ఈ ఆదరణను మితిమీరి వాడుట మేము విన్నాము. పని ఎట్లయినను వేరొకడు ముగించును గనుక ఏడ్వకుడి అని బోధించువారు ఉన్నారు. అది తప్పు. మోజ్లీ తల్లికి 72వ పదార్థము దొరకినందున కొడుకు దొరకలేదు. మన ప్రభువు లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు సమాధియొద్ద కన్నీరు విడిచెను. గోధుమగింజ భూమిలో పడి చచ్చి ఫలించునని ఆయన చెప్పినది తన్నుతాను అప్పగించుకొనుటను గూర్చి. ఇతరుల కుమారులను భూమిలో విత్తుటకు దొరతనములు ఆ వాక్యమును ఎత్తుకొనుట మాకు సమ్మతము కాదు.

ఈ ముగ్గురి పేర్లయినను నిలిచెను. ఆ యుద్ధములో మన దేశమునుండి సముద్రము దాటి పోయినవారు పది లక్షలకు పైమాట. చనిపోయినవారు సుమారు 74,000. మద్రాసు సేనలతో పోయిన తెలుగువారును అందులో ఉండిరి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము గ్రామమునుండి రెండు మహాయుద్ధములకును సిపాయిలు పోయిరి, నేటికిని ఆ ఊరిలో సైన్యమున చేరుట ఇంటింటి ఆచారము. 1917లో యుద్ధ సమాధుల సంఘము ఏర్పడినప్పుడు ఒక మంచి నియమము పెట్టుకొనిరి. అధికారియైనను సిపాయియైనను, ధనవంతుడైనను బీదవాడైనను, అందరికి ఒకే విధమైన రాయి, ప్రతివానికి పేరు. మోజ్లీ సమాధి ఎక్కడో తెలియదు. గాలిపోలి కొననున్న హెలెస్ స్తంభముమీద సుమారు 21,000 పేర్లలో అతని పేరు ఒకటి.

కాని ఇరాకు దేశమందలి బస్రా స్మారకముమీద తెల్ల సిపాయిలకు పేర్లు చెక్కిరి, మన దేశపు అధికారులకు పేర్లు చెక్కిరి. మన సాధారణ సిపాయిలకు దళము పేరు వ్రాసి, ప్రక్కన ఇంతమంది అని సంఖ్య మాత్రము చెక్కిరి. 2021లో ఆ సంఘమువారే విచారణ జరిపి, ఆసియా, ఆఫ్రికా దేశములవారు కనీసము 1,16,000 మంది పేరు లేకయో అసలు గుర్తే లేకయో విడువబడిరని ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. ఆ పేర్లను వెదకు పనికిని పూనుకొనిరి. నూరేండ్లు గడచినవి గనుక ఆ పని కష్టము.

మన సంఘములలో పాత కుటుంబములవారు పెట్టెలలో ఏదైన పతకము, పటాలపు కాగితము, పింఛను చీటి ఉన్నదేమో చూడుడి. తాతగారి తండ్రి ఆ యుద్ధమునకు పోయి రాలేదని ఇంటిలో ఎవరైన చెప్పగా వినియుంటే, ఆయన పేరు, ఊరు, దళము తెలిసినంతవరకు పాస్టరుగారికి చెప్పి సంఘపు పుస్తకములో వ్రాయించుడి. చదువు రానివారు చెప్పినను చాలును, వ్రాయువారు వ్రాసికొందురు.